కడుపు మాట విన్న మధ్యాహ్నాలు

మనసుకు వైద్యం చేసే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "మీరు బాగుచేసిన పెద్ద కేసు ఒకటి చెప్పండి మేడం" అంటారు. నాకు నవ్వొస్తుంది. బాగుచేసినవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తెల్లారాక గుర్తురాని కలల్లా అయిపోయాయి. పొరపాట్లు చేసినవే నిలిచిపోయాయి. వాటిలో ఒకటి చెబుతాను. ఇందులో కత్తి లేదు, రక్తం లేదు, చావు లేదు. ఒక బస్సు కండక్టరమ్మ, ఆమె కడుపు, నేను. అంతే.

నేను పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. ఉద్యోగం చివరి ఏళ్లు మాత్రం గద్వాలలో, ఒక దవాఖానలో గడిచాయి. నాకిచ్చిన గది మందుల గోదాము వెనకాల ఉండేది. కిటికీ అవతల పత్తి మిల్లు. సీజన్లో దూది నూగు గాలిలో తేలుతూ వచ్చి నా కాగితాల మీద, కళ్లద్దాల మీద, టీ కప్పులో వాలేది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ పచ్చబడి గదిలోకి ఏటవాలుగా దిగేది. ఫ్యాను నిదానంగా తిరిగేది. నూగు ఆ వెలుతురులో పైకీ కిందికీ ఊగుతుంటే, నేను మేలుకునే ఉన్నానా అని నాకే అనుమానం వచ్చేది. ఆ గదిలో విన్న మాటలన్నీ ఇప్పటికీ నాకు అలా నూగులో తేలుతున్నట్టే గుర్తొస్తాయి.

అలాంటి ఒక మధ్యాహ్నమే ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఖాకీ కోటు మడిచి చేతి మీద వేసుకుంది. కుర్చీని తలుపు వైపు జరుపుకుని, అంచు మీద కూర్చుంది. కూర్చున్నాక మొదటి మాట, "మేడం, ఈడ సండాసు యాడుంది?"

"ఎడమవైపు, చివర. వెళ్లి రామ్మా."

"ఇప్పుడు కాదు. తెల్సుకుని పెట్టుకుంటున్న."

ఆమె జబ్బంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నేను వినలేదు. జనరల్ డాక్టరుగారు రాసి పంపిన చీటీ చదువుతున్నాను. రక్తం, మలం, స్కానింగ్, గొట్టం వేసి చూసిన పరీక్ష, అన్నీ బాగున్నాయి. పుండు లేదు, పురుగు లేదు, గడ్డ లేదు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. మందులతో సగమే తగ్గింది, మిగతా సగానికి మీరు మాట్లాడి చూడండి, అని రాశారు.

చీటీ మడిచి, ఎంతో ధైర్యం చెబుతున్నాననుకుంటూ అన్నాను, "నీ కడుపులో ఏమీ లేదమ్మా. ఉన్నదంతా భయమే."

"అంటే ఉత్తగనే నొస్తున్నదా మేడం? నేను నకరాలు చేస్తున్ననా?" అంది. కోటు తీసుకుని వెళ్లిపోయింది.

మా అటెండరు తలుపు దగ్గరే ఉన్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, ఈ చుట్టుపక్కలే పుట్టినవాడు. నా మాట అర్థం కాని రోగులకు నా మాట, వాళ్ల మాట అర్థం కాని నాకు వాళ్ల మాట విడమరిచి చెప్పేది ఆయనే. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, నేల చూస్తూ అన్నాడు.

"కోపం చేయకున్రి అమ్మా. ఏం లేదంటే ఎట్ల? ఏం లేకుంటే మనిషి గింత దూరం ఎందుకొస్తది? నొప్పి ఆమెది. లేదనెటానికి మనమెవరం?"

ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ప్రొఫెసరూ నాకు ఇంత సూటిగా పాఠం చెప్పలేదు.

ఆయన ఊరు ఆమె బస్సు వెళ్లే దారిలోనే ఉంది. రోజూ ఆ బస్సులో కనిపించేవాడు. వారం తర్వాత ఆమెను ఆయనే వెంటబెట్టుకుని వచ్చాడు. ఏం చెప్పి ఒప్పించాడో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. "మా మేడం మంచిదే. సముద్రం దిక్కు మనిషి గద, మాట జర ఉప్పగుంటది" అన్నాడట.

ఆమె కూర్చోగానే నేను క్షమాపణ అడిగాను. "నొప్పి నిజం. ముందే ఆ మాట అనాల్సింది" అన్నాను. తర్వాత నాకు తెలిసింది చెప్పాను. పేగులకూ మెదడుకూ మధ్య పొద్దస్తమానం మాటలు నడుస్తుంటాయి. కొందరిలో పేగు మెల్లగా అన్న మాట మెదడుకు పెద్ద కేకలా వినిపిస్తుంది. మెదడు బెదిరి తిరిగి కేకేస్తుంది. ఆ కేకకు పేగు ముడుచుకుంటుంది, నొస్తుంది, కదులుతుంది. పరీక్షల్లో అది కనిపించదు.

ఆమె ఆలోచించింది. "అంటే కండక్టరు ఊకెనే హోల్డాన్ అంటే డ్రైవరు సడన్ బ్రేకు కొట్టినట్లు. బస్సుల ఉన్నోళ్లంత ముందుకు పడ్తరు. ఇంజన్ల ఖరాబు ఏం లేదు."

"అదే."

ఆ తర్వాత వచ్చిన ప్రతి రోగికీ నేను ఆ మాటే చెప్పాను, నాదైనట్టుగా.

ఆమెది ధరూర్ వైపు ఊరు. వ్యవసాయం ఇల్లు. పదిహేనేళ్లుగా కండక్టరు. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లే బస్సు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక కాలు పెట్టే సందు లేకుండా నిండుతోంది. రెండేళ్లుగా కడుపు ఇలా ఉంది. డ్యూటీకి పోయేముందు ఐదుసార్లు వెళ్తుంది. డ్యూటీ రోజు సాయంత్రం దాకా ఏమీ తినదు, నీళ్లు కూడా పెదవి తడుపుకోవడానికే. ఆ దారి పొడుగునా ఎక్కడెక్కడ సండాసులున్నాయో, ఏ పెట్రోలు బంకులో తలుపుకు గొళ్లెం లేదో, ఏ హోటలాయన తాళం అడిగితే విసుక్కుంటాడో, అంతా నోటికి చెప్పింది. వింటుంటే నాకు ఆ దారి కలలో చూసిన ఊళ్లలా కనిపించింది. పొలాలు లేవు, గుట్టలు లేవు. అక్కడొక తలుపు, ఇక్కడొక తలుపు. నడుమంతా భయం.

"నాకు ఒక్క కాయితం రాసిస్తరా మేడం? ఈ డ్యూటీకి పనికిరానని" అని అడిగింది. బిడ్డ డిగ్రీ చదువుతోంది. భర్త కౌలు భూమిలో పత్తి విత్తనం సాగు చేస్తాడు. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆమెకు తెలియదు. అయినా అడిగింది.

"రెండు నెలలు నాతో పనిచెయ్యి. అప్పటికీ అదే మాట అంటే రాస్తాను" అన్నాను.

మేం చేసే పద్ధతికి హిప్నోసిస్ అని పెద్ద పేరు. నిజానికి అందులో మంత్రం ఏమీ లేదు. ఒళ్లు వదులు చేసి, కళ్లు మూసుకుని, ఒక నెమ్మదైన మాట వెంట నడవడం. నడుస్తూ నడుస్తూ కడుపును కూడా ఆ నెమ్మదిలోకి తీసుకుపోవడం. నా దగ్గర ఒక రికార్డింగు ఉండేది. నా గొంతుతో నేనే చేసుకున్నది. సముద్రం ఒడ్డు, ఇసుక, వచ్చి పోయే అలలు. నాకు సముద్రమంటే అమ్మ ఒడి. ఆ హోరులోనే నిద్రపోయి పెరిగాను. అందరికీ అంతేననుకున్నాను. దాన్ని ఆమె ఫోనులోకి ఎక్కించి, రోజూ వినమన్నాను.

ఆమె బుద్ధిగా విన్నది. రెండు వారాల తర్వాత వచ్చినప్పుడు బుగ్గలు లోపలికి పోయాయి. నొప్పి పెరిగింది. అయినా నాకు చెప్పడానికి మొహమాటం.

"ఆ చప్పుడు ఇంటుంటే ఏరొచ్చినట్లుంటది మేడం" అంది చివరికి.

సముద్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. పెద్ద నీళ్లంటే ఆమెకు తెలిసింది కృష్ణ ఒక్కటే. చిన్నప్పుడు ఒక ఏడు ఏరు పొంగి ఊళ్లోకి వచ్చిందట. అందరూ బడి మిద్దె ఎక్కి కూర్చున్నారు. ఆమె తల్లి మాత్రం మోకాలి లోతు నీళ్లలో వెనక్కి పోయి, బర్రె పగ్గం కొడవలితో కోసి వచ్చిందట. తల్లి వచ్చేదాకా పిల్లలు మిద్దె మీద ఆ హోరు వింటూ కూర్చున్నారు. ఆ హోరునే నేను రెండు వారాలు ఆమె చెవుల్లో పోశాను.

ఆమె ఫోను తీసుకుని ఆ రికార్డింగు చెరిపేశాను. తర్వాత అడిగాను, "మరి నీళ్లు నెమ్మదిగా పోవడం ఎక్కడైనా చూశావా అమ్మా?"

ఆమె కిటికీ వైపు చూసింది. ముఖం కొంచెం తేటపడింది.

"మా నాయిన మడికి నీళ్లు కట్టేటప్పుడు చూసిన. బోరు నీళ్లు కాలువల సన్నగ వస్తుండె. నాయిన పారతోని జరంత మట్టి తీస్తే ఒక మడిలకు పోతుండె. అది నిండితే గా మట్టే అడ్డమేసి ఇంకో మడిలకు మళ్లిస్తుండె. ఉరుకుడు లేదు. నేను గెట్టు మీద కూసుంటుంటి. ఎండిన మట్టి నీళ్లు తాగుతుంటే సన్నగ చప్పుడైతది మేడం. మీరెప్పుడన్న విన్నరా?"

వినలేదన్నాను. వినిపించమన్నాను.

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ నిన్నటివిలా ఉన్నాయి. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, అరచెయ్యి బొడ్డు మీద పెట్టుకునేది. నేను ఆమె చెప్పిన మాటలే తిరిగి చెప్పేదాన్ని. ఎండకు వెచ్చబడిన గట్టు. సన్నని నీళ్లు. వస్తూ, ఆగుతూ, మళ్లుతూ. తడిసిన మట్టి నల్లబడుతోంది. బుడగలు లేచి పగులుతున్నాయి. ఒక కొంగ వచ్చి వాలింది. నీళ్లు ఎక్కువైతే కొంచెం మట్టి అడ్డం, తక్కువైతే కొంచెం తెరవడం. పార నీ చేతిలోనే ఉంది. తొందర లేదు. మిల్లు చప్పుడు ఎక్కడో దూరంగా అయిపోయేది. నూగు తేలుతుండేది. ఆమె కడుపు మీది చెయ్యి ఊపిరితో పాటు లేచేది, దిగేది.

ఒకరోజు నేను అలవాటుగా, మా వైపు మాటలో, "బోదెలో నీళ్లు" అన్నాను. ఆమె కళ్లు తెరవకుండానే, "బోదె కాదు మేడం, కాలువ అనున్రి. బోదె అంటే నాకు దిగుతలేదు" అంది. సరేనని కాలువే అన్నాను. నీళ్లు మళ్లీ కదిలాయి.

ఐదో ఆరో మధ్యాహ్నం, కళ్లు తెరిచాక, లేవకుండా అలాగే కూర్చుంది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. రెండేళ్ల కిందట, నిండు బస్సులో, నడిదారిలో, కడుపు ఆగలేదట. బట్టలు పాడయ్యాయి. ఖాకీ కోటు నడుముకు కట్టుకుంది. నాగర్‌కర్నూల్ దాకా, గంటకు పైగా, అలాగే నిలబడి టికెట్లు కొట్టింది.

"బస్సు ఆపమని డ్రైవరుకు చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె మేడం? అరవై మంది ఉన్నరు. ఆడామె, గిట్ల అని ఎట్ల చెప్త? మా ఆయనకు గూడ ఇప్పటిదాంక తెల్వదు."

ఏడవలేదు. మామూలుగా, ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను లేచి వెళ్లి కిటికీ తలుపు వేసి, మళ్లీ తెరిచాను. ఏం చేయాలో తోచక.

అప్పటి నుంచి పని కొంచెం సాగింది. పొద్దున అర రొట్టె తిని బయల్దేరడం మొదలుపెట్టించాను. ఐదుసార్లు వెళ్లేది నాలుగు, తర్వాత మూడు. పొలంలో నీళ్లు కట్టడం ఇంట్లో ఒంటరిగా ఊహించుకోవడం నేర్చుకుంది. ఒంట్లోకి రక్తం వచ్చింది. కానీ ఆ దారిలో నడిమి భాగం వస్తే మాత్రం చేతులు చల్లబడిపోయేవి. ఒక ట్రిప్పు నేను కూడా వస్తానన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. "నేనుంటాను కదా, ఏమీ రాదు" అని కూడా అన్నాను. రాదని చెప్పడానికి నేనెవరిని? అటెండరు మాట ఒకసారి విన్నా నాకు బుద్ధి రాలేదు.

సీతాఫలాల కాలం. పొద్దున్నే గద్వాలలో ఎక్కాను. డ్రైవరు వెనక సీటు ఆమె నాకు ఆపి ఉంచింది. బీచుపల్లి దగ్గర వంతెన మీదికి వచ్చేసరికి కృష్ణ మీద మంచు పరుచుకుని ఉంది. ఏరు ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. బస్సు తెల్లని దాంట్లో తేలుతున్నట్టు పోయింది. నేను ఆమెను చూశాను. ఆమె టికెట్లు కొడుతూ, నన్ను చూసి తల ఊపింది. అంతా సవ్యంగానే ఉంది. వనపర్తిలో సంతోషంగా రెండు టీలు తాగాను కూడా.

వనపర్తి దాటాక బస్సు కిక్కిరిసింది. పెళ్లికి పోయే ఆడవాళ్ల గుంపు ఒకటి ఎక్కింది. నా పక్కన ఒక ముసలమ్మ, ఒళ్లో సీతాఫలాల గంప. పావుగంట గడిచిందో లేదో, జనం మధ్య నుంచి కండక్టరమ్మ ముఖం కనిపించింది. పాలిపోయింది. పెదవి పళ్ల కింద ఉంది. తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మేడం, వస్తుంది."

"ఊపిరి తీసుకో. మడి గుర్తు తెచ్చుకో" అన్నాను.

"మడి లేదు, ఏం లేదు మేడం. అంత ఆగమైంది."

నాకూ ఆగమైంది. పుస్తకాల్లో చదివినవన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆమె నన్ను చూసింది, జనాన్ని చూసింది. ఆమె చెయ్యి ఒంటి మీది కోటు గుండీల మీదికి పోయింది. విప్పబోతోంది. మళ్లీ నడుముకు కట్టుకోవడానికి. నా నోటికి ఒక్క మాటే వచ్చింది.

"ఆపమను తల్లీ."

ఆమె చెయ్యి గుండీ మీదే ఆగింది. తర్వాత తలుపు మీద గట్టిగా కొట్టి, బస్సంతా వినబడేలా అరిచింది. "హోల్డాన్!"

బస్సు పక్కకు తీసి ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఏమైంది చెల్లె? ఈడ స్టాపు లేదు గద."

"నాకు కడుపు బాగలేదన్నా." జనం వైపు తిరిగింది. "నాకు కడుపు బాగలేదు. జర పది నిమిషాలు ఆగున్రి. పోయొస్త."

వెనక సీటులో తెల్లచొక్కా ఆయన గడియారం చూసుకుని గొణిగాడు. "డ్యూటీల ఉన్నోళ్లు ఇంటికాడ సూస్కొని రావాలె గద. మాకు పనులుండవా?"

నా పక్కనున్న ముసలమ్మ గంప ఎత్తి నా ఒళ్లో పెట్టింది. లేచి నిలబడి వెనక్కి తిరిగింది.

"ఏందయ్యా, ఆమె మనిషి గాదా? ఆమెకు కడుపు లేదా?" అంది. తర్వాత కండక్టరమ్మతో, "నడువు బిడ్డా, నేను గూడ వస్త. పానగల్ల ఇంట్ల బయల్దేరిన కాడి నుంచి ఆపుకున్న."

"ఆగవ్వా, నేను గూడ" అని పెళ్లి గుంపులోంచి ఒకామె లేచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. చంకలో పిల్లతో ఒకామె. కాలేజీ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సిగ్గుపడి, దిగిపోయారు. చూస్తుండగానే బస్సులో సగం మంది ఆడవాళ్లు కింద ఉన్నారు. అందరూ ఆపుకునే ఉన్నారు. ఆ దారిలో ఇన్నేళ్లుగా, రోజూ, ప్రతి బస్సులో ఆపుకుంటూనే కూర్చున్నారు. తనొక్కతే అని ఆమె అనుకుంది. నేనూ ఆమె ఒక్కతే అనుకున్నాను.

రోడ్డు పక్కన సున్నం వేసిన ఇల్లు ఒకటుంది. ముందు ఒకామె బోళ్లు తోముతోంది. మా కండక్టరమ్మ అందరికంటే ముందు ఉరికింది. "అక్కా, మీ ఇంట్ల సండాసుందా?"

"ఉంది, రా." అని తలెత్తి, వెనక వస్తున్న వరుస చూసి, ఆమె చేతిలోని బోలు జారవిడిచింది. "అయ్యో, బస్సు మొత్తం దిగిందా ఏంది!"

ఆ వరుసలో నేనూ ఉన్నాను. వనపర్తి టీలు ఊరుకుంటాయా? గంప చంకన పెట్టుకుని, ముసలమ్మ వెనక నిలబడ్డాను. ఇంటామె బకెట్లతో నీళ్లు తోడి పెడుతూ నవ్వుతోంది. పెళ్లివాళ్లు నవ్వుతున్నారు. మంచు విడిపోయి, వేరుశనగ చేల మీద పలచని ఎండ పడుతోంది. తెల్లచొక్కా ఆయన కూడా రోడ్డుకు అవతలి వైపు తుమ్మచెట్ల చాటుకు నడవడం అందరం చూశాం.

మా కండక్టరమ్మ బయటికి వచ్చి, ముఖం కడుక్కుని, మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. "రాదని చెప్పాను. నాదే తప్పు" అన్నాను.

"వచ్చింది మేడం. వచ్చింది, పోయింది" అంది. ఆ మాటను ఆమె తనలో తను రెండుసార్లు అనుకుంది. ముసలమ్మ గంపలోంచి మగ్గిన సీతాఫలం ఒకటి తీసి ఇచ్చింది. డ్యూటీ మధ్యలో రెండేళ్లుగా ఏమీ ముట్టని మనిషి, పండు విప్పి, గింజలు ఊస్తూ, సగం తిన్నది. మిగతా సగం నాకిచ్చింది. తర్వాత లేచి కోటు సర్దుకుని, అందరూ ఎక్కారో లేదో లెక్క చూసుకుని, "రైట్, రైట్" అంది.

కడుపు పూర్తిగా బాగుపడిందా అంటే, లేదు. ఇప్పటికీ నెలలో ఒకటి రెండుసార్లు తిరగబడుతుంది. తిరగబడిన రోజు బస్సు ఆపుతుంది. పనికిరానని కాగితం మాత్రం మళ్లీ అడగలేదు. భర్తకు సంగతంతా చెప్పింది. ఆయన విని, "గప్పుడే చెప్పకపోతివి" అని, ఆ పూట అన్నం తానే వండాడట. తర్వాత ఏడాదికి రాయచూరు రూటు తనే అడిగి వేయించుకుంది. ఊళ్లు దూరం దూరంగా ఉండే రూటు. మా డాక్టరుగారి ఫారంలో 'నయమైంది', 'నయం కాలేదు' అని రెండే గళ్లుండేవి. నేను రెండూ వదిలేసి, పక్కన ఖాళీలో "భయపడడం మానేసింది" అని రాశాను. ఆయన చదివి సంతకం పెట్టారు.

మీకు చెప్పదలుచుకున్నది ఇదే. మీ సముద్రాన్ని రోగి చెవిలో పోయకండి. రాదని మాటివ్వకండి. వస్తే ఏం చేయాలో ఇద్దరూ కలిసి చూడండి. ఇంతకు మించి నాకు తెలియదు.

రిటైరయ్యాక, ఒక పని మీద మళ్లీ ఆ దారినే నాగర్‌కర్నూల్ పోవాల్సి వచ్చింది. బస్సులో కండక్టరు ఎవరో కొత్తాయన, మీసాలాయన. వనపర్తి దాటి కొంత దూరం పోయాక నాకు కునుకు పట్టింది. బస్సు ఆగిన కుదుపుకు మెలకువ వచ్చింది. చూస్తే ఆ సున్నపు ఇల్లు. గోడ పక్కన కొత్తగా రెండు నీళ్ల తొట్లు. ఆడవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, మాట్లాడుకుంటూ దిగుతున్నారు.

"ఇక్కడ స్టాపు ఉందా బాబూ?" అని అడిగాను.

"లేదు మేడం."

"మరి ఎందుకు ఆపావు?"

ఆయన టికెట్ మిషన్ చంకలో పెట్టుకున్నాడు.

"తెల్వదు మేడం. నేను ఈ రూటుకు వచ్చిన్నాటి సంది ఈడ ఆపుతనే ఉన్నం. ఆపకుంటే ఆడోళ్లు ఊకోరు."